దారం మేస్త్రి

కొత్త కోడలిగా ఆ ఇంటికి వెళ్ళాక, మొదటి చలికాలపు ఉదయం నన్ను నిద్రలేపింది గోడ. తలాపు వైపు ఎవరో చిన్న సుత్తితో కొట్టినట్టు టక్‌మని ఒక చప్పుడు. కాస్త ఆగి, టక్ టక్ అని ఇంకో రెండు. ఉలిక్కిపడి లేచి కూర్చున్నాను. మా ఆయన దుప్పటి ముసుగు తీయకుండానే, "ఏం లేదు, నాన్న బాయిలర్ వెలిగించాడు. పడుకో" అన్నాడు. చెప్పిన మరుక్షణం తను గురక మొదలుపెట్టాడు. నాకు మాత్రం మళ్ళీ కన్ను మూతపడలేదు.

నేను పుట్టి పెరిగింది కొత్త అపార్ట్‌మెంట్లలో. అక్కడ గోడకు ఒక బొత్తం ఉంటుంది, నొక్కితే గది వెచ్చన, ఇంకోటి నొక్కితే చల్లన. ఆ వెచ్చదనం వెనక ఒక మనిషి తెల్లవారకముందే లేచి కూర్చోవాలని నాకు తెలియదు. ఈ పాత ఇంట్లో వంటింటి పక్కన చిన్న గది, అందులో నిలువెత్తు ఇనప బాయిలర్, దాని నెత్తి మీంచి కప్పు దాటి పైకి పోయే పొగగొట్టం. బాయిలర్‌లో కాగిన నీళ్ళు గోడల్లోని గొట్టాల వెంట తిరిగి, ప్రతి గదిలో కిటికీ కింద ఉన్న లావుపాటి ఇనప రేడియేటర్లలోకి చేరేవి. వాటిని రేడియేటర్లని మా మామగారు ఒక్కరే అనేవారు. మా అత్తగారు వాటికి గేదెలని పేరు పెట్టింది. "ముందు గదిలో గేదె చల్లగా పడుంది, కాస్త చూడండి" అనేది. నిజానికి ఆ పేరే సరైంది. నల్లగా, బరువుగా, ఎక్కడివి అక్కడే ఉండి, దగ్గరికి వెళ్తే వెచ్చగా తగిలేవి.

పొద్దున్నే వేడినీళ్ళు తగలగానే గొట్టాల ఇనుము సాగి, గోడ దాటే చోట రాసుకుని చప్పుడు చేసేది. మా అత్తగారికి అదే గడియారం. మెలకువ వచ్చినా సరే, ఆ చప్పుడు వింటేగానీ ఆవిడ మంచం దిగేది కాదు.

"కాస్త తెల్లవారాక వెలిగించొచ్చుగా అత్తయ్యా" అని ఆ వారంలోనే గొణిగాను.

"నాతో చెప్తే ఏం లాభం? మీ మామయ్యతో చెప్పు. ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు" అని నవ్వింది ఆవిడ.

చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, తల ఊపి, మర్నాడు ఇంకాస్త ముందే వెలిగించారు. "నువ్వు లేచేసరికి గది వేడెక్కి ఉండాలి కదా అమ్మాయ్! నువ్వు చెప్పింది నిజమే, ఆలస్యమవుతోంది" అన్నారు. ఆయనతో దెబ్బలాట పెట్టుకోవడం ఎంత దండగో ఆ రోజే తెలిసింది.

మా మామగారి పని పాత ఇళ్ళను చలికాలం వెచ్చగా, ఎండాకాలం చల్లగా ఉంచడం. పాత ఇళ్ళు మాత్రమే. "కొత్త ఇల్లు చెప్పిన మాట వింటుంది. దానికి నేనెందుకు?" అనేవారు. చలి మొదలయ్యేముందు బాయిలర్ల మసి దులపడం, రేడియేటర్లలో చేరిన గాలి తీయడం. ఎండలు ముదరకముందు కూలర్లకు కొత్త గడ్డి తడకలు కట్టడం, ఏసీల జాలీలు కడగడం, నీళ్ళు కారే గొట్టాలు సరిచేయడం. ఏడాదికి రెండుసార్లు ఊరంతా ఆయన్ని తలుచుకునేది. మధ్యలో ఎదురుపడినా పలకరించని వాళ్ళుండేవారు. "ఏరు దాటాక తెప్ప తగలేసే జనం" అని మా అత్తగారు విసుక్కునేది. "ఏరు మళ్ళీ వస్తుందిలే" అనేవారు ఆయన.

ఆయన పని చేసే తీరు ఒకసారి దగ్గరుండి చూశాను. మా పిన్ని వాళ్ళు ఒక పాత ఇల్లు కొనుక్కుని, పెద్ద ఏసీ పెట్టించుకోవాలని ఆయన్ని పిలిచారు. వియ్యాలవారి ఇల్లని ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ వచ్చారు. పనిముట్ల సంచీ గుమ్మంలోనే పెట్టేసి, కుర్చీ ఒకటి అడిగారు. దాన్ని గది గదికీ మోసుకెళ్ళి, ప్రతి గదిలో కాసేపు కూర్చున్నారు. ఏమీ చేయలేదు, ఉత్తినే కూర్చున్నారు. మా పిన్ని నన్ను వంటింట్లోకి లాగి, "మీ మామగారికి ఒంట్లో బాగాలేదా?" అని అడిగింది. ఇంతలో ఆయన లోపలినుంచి, "అమ్మా, మీ ఇంట్లో పిల్లి ఉందా?" అని కేకేశారు.

"ఉందండీ. ఏం, పాలు తాగేసిందా?" అంది మా పిన్ని కంగారుగా.

"అది కాదు. చలికాలం ఎక్కడ పడుకుంటుంది?"

"మెట్ల కింద."

"ఎండాకాలం?"

"స్నానాల గది గుమ్మంలో. ఎంత తోలినా కదలదు."

"ఇంకేం, సగం పని అదే చేసి పెట్టింది" అని ఆయన తృప్తిగా లేచారు.

అప్పుడు చొక్కా జేబులోంచి దారం ముక్కలు తీశారు. కిటికీ సందుల్లో, తలుపు కింద, పైన వెంటిలేటర్ దగ్గర తలా ఒకటి కట్టి, మళ్ళీ కూర్చున్నారు. ఏ దారం ఎటు ఊగుతోందో, ఏది కదలకుండా వేలాడుతోందో చూసుకున్నారు. చివరికి మా పిన్నితో, "ముందు పైకప్పు సందులు పూడ్పించమ్మా. పడమటి కిటికీకి బయటినుంచి తెర కట్టించు. ఆ తర్వాత ఏసీ కొందాం, చిన్నది చాలు" అన్నారు.

"అన్ని సందులూ మూయించేయమంటారా?"

"అన్నీ వద్దు! ఇల్లంటే మూత పెట్టిన డబ్బా కాదు. బయటికి ఎంత గాలి పోతుందో అంత గాలీ లోపలికి రావాలి. దానికి దారి మనం చూపించకపోతే అదే వెతుక్కుంటుంది. అది వెతుక్కున్న దారి మనకు నచ్చదు."

ఈ మాట ఆయన ప్రతి ఇంట్లోనూ చెప్పేవారు. మా ఆయనకూ, మా ఆడపడుచుకూ ఇది ఎక్కాల కన్నా ముందే వచ్చట.

పని ముగించి వస్తూ ఆయన ప్రతి ఇంట్లో ఒక దారం వదిలి వచ్చేవారు. ఏసీ ఉంటే దాని మూతి దగ్గర. బాయిలర్ ఉంటే పొగగొట్టం మొదలయ్యే చోట ఒక తీగకు కట్టి. "ఇది గొట్టం వైపు వంగి ఉన్నంతకాలం నిశ్చింతగా ఉండండి. మీ వైపు తిరిగిందంటే మంట ఆర్పి, తలుపులు తెరిచి, నాకు కబురు పెట్టండి" అని చెప్పేవారు. అలా ఆయనకు దారం మేస్త్రి అన్న పేరు స్థిరపడింది. అసలు పేరు పెట్టి అడిగితే మా వీధిలోనే మా ఇల్లు ఎవరూ చూపించలేకపోయేవారు.

ఆ దారాలన్నీ మా అత్తగారివే. ఆవిడ వెనక గదిలో కుట్టుమిషను పెట్టుకుని బట్టలు కుట్టేది. రోజూ పొద్దున ఆయన పనికి వెళ్తూ మిషను కింద వంగి, నేల మీది ముక్కలు ఏరుకుని జేబులో వేసుకునేవారు. దాంతో ఏ ఇంట్లో ఏ రంగు దారం ఉంటే, ఆ ఏడు ఆవిడ ఏం కుట్టిందో ఆవిడకు తెలిసిపోయేది. ఎవరింటికైనా వెళ్తే మర్యాదలు కానివ్వకుండా ముందు తల ఎత్తి ఏసీ వైపు చూసేది. "ఈ నీలం దారం చూశావా? నర్సుల బట్టలు కుట్టిన ఏడాదిది. అప్పుడు నీ మొగుడికి పాలపళ్ళు ఊడుతున్నాయి" అనేది. నాకు మొదట్లో ఇదంతా చాదస్తంగా అనిపించేది. తర్వాత్తర్వాత నేనూ ఎవరింటికి వెళ్ళినా తల ఎత్తి చూడటం మొదలుపెట్టాను.

మా ఇంటి బాయిలర్ సంగతి ఆవిడే చెప్పింది. పెళ్ళయి వచ్చిన కొత్తలో ఆ ఇంట్లో చలికి ఆవిడ వేళ్ళు బిగుసుకుపోయి సూదిలో దారం ఎక్కేది కాదట. ఒక రోజు దారం ఎక్కక ఎక్కక, విసుగొచ్చి ఏడ్చేసిందట. మర్నాటి నుంచి ఆయన ఏదో కూలగొట్టిన హోటల్లోంచి పాత గొట్టాలు, ఇంకెక్కడినుంచో పగిలిన బాయిలర్, తుక్కు కొట్లోంచి రేడియేటర్లు ఒకటొకటిగా తెచ్చి పెరట్లో పడేశారు. అతుకులు వేసి, రుద్ది, రంగు పూసి, గోడలు తొలిచి, ఆ చలికాలం ముగిసేలోగా నిలబెట్టారు. మొట్టమొదట వేడెక్కింది కుట్టుమిషను పక్కన ఉన్న రేడియేటరే. తర్వాత బొగ్గు మానేసి గ్యాస్‌కు మార్చినా, బాయిలర్ మాత్రం అదే. ఊళ్ళో ఎన్నో బాయిలర్లు తీయించి కొత్తవి పెట్టించిన మనిషి, తన ఇంటి దాని జోలికి పోలేదు. "దీపం కింద చీకటి అంటే ఇదే" అని మా ఆడపడుచు ఎప్పుడూ వేళాకోళం చేసేది.

అలా ఏళ్ళు గడిచాయి. నా పిల్లలు ఆ గేదెల మీద తడి సాక్సులు ఆరేసుకుంటూ పెరిగారు. ఆ చప్పుడు మీద నా సణుగుడు మాత్రం ఆగలేదు.

తర్వాత మా అత్తగారికి దగ్గు పట్టుకుంది. మొదట మందుల కొట్లో తెచ్చిన సీసాలతో సరిపెట్టింది. ఎండాకాలం వచ్చినా తగ్గకపోయేసరికి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. ఊపిరితిత్తులు బలహీనపడ్డాయనీ, వచ్చే చలికాలం జాగ్రత్తగా దాటించాలనీ ఆయన చెప్పాడు. చలిగాలి తగలకూడదు, వంటింటి పొగ తగలకూడదు. పాత ఇల్లయితే ఆ కాలమంతా వేరేచోట ఉంచడం మేలని కూడా అన్నాడు.

ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నట్టు మా ఆడపడుచు దిగింది. తన కొత్త ఫ్లాటు ఊరికి ఆ చివర. "అమ్మని నేను తీసుకెళ్తాను. అక్కడ ఒక్క సందు లేదు, ఒక్క చప్పుడు లేదు" అంది.

"సందు లేని చోట నాకు ఊపిరాడదే" అంది మా అత్తగారు. "అయినా నా మిషను ఎవరు తొక్కుతారు? మీ నాన్న జేబులోకి దారాలు ఎక్కడివి?"

"అమ్మా, హాస్యం కాదు. ప్రాణం సంగతి."

అప్పుడు మామగారు నెమ్మదిగా, "చలి వచ్చేలోగా ఈ ఇంట్లోకి చలిగాలి చీమంత కూడా దూరకుండా చేస్తాను. చేయలేకపోతే తీసుకెళ్ళు" అన్నారు కూతురితో. ఆయన పందెం కాయడం నేను వినడం అదే మొదటిసారి. మా అత్తగారు ఆయన వైపు చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తే. ఆవిడ ఆ ఇంట్లో ఉంటుందా లేదా అన్నది ఇక ఆయన చేతుల్లో ఉంది.

వర్షాలు వెలిసిన దగ్గర్నుంచి ఆయన ఇంటి మీద పడ్డారు. బయటి పనులు సగం మానేశారు. కిటికీ రెక్కల చుట్టూ ఉన్ని పట్టీలు బిగించారు. వెంటిలేటర్లకు అద్దాలు వేసి మూసేశారు. నేల పలకల సందులు, గోడా చెక్కా కలిసే చోట్లు, తలుపు గడియ రంధ్రాలు, ఏదీ వదలలేదు. తలుపుల కింద పెట్టడానికి దూది కూరిన గుడ్డ గొట్టాలు కావాలంటే మా అత్తగారే కుట్టి ఇచ్చింది. పాముల్లా ఉన్నాయని పిల్లలు వాటికి బొత్తాలతో కళ్ళు కుట్టించుకున్నారు. పొగ ఆవిడ దాకా రాకూడదని వంటింటి కిటికీలో గాలిని బయటికి లాగే పెద్ద ఫ్యాను ఒకటి పెట్టారు. అంతా అయ్యాక జేబులో దారాలు తీసి ప్రతి కిటికీకీ కట్టి చూశారు. ఒక్కటీ కదల్లేదు. ఆయన మొహం వెలిగిపోయింది. అంత సంతోషంగా ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు.

చలి మొదలైంది. ఇల్లు నిజంగానే వెచ్చగా ఉంది. మా అత్తగారి దగ్గు కూడా తగ్గుముఖం పట్టింది. మా ఆడపడుచు వచ్చి ఇల్లంతా తిరిగి చూసి, "సరే నాన్నా, నువ్వే గెలిచావు" అంది.

కొద్ది రోజులకు చలి ముదిరింది. ఆ రోజు నాకు ఆఫీసు సెలవు, పిల్లలు బడికి వెళ్ళారు. మామగారు ఎవరింట్లోనో రేడియేటర్ కారుతోందంటే వెళ్ళారు. మధ్యాహ్నం వంటింట్లో ఫ్యాను తిరుగుతోంది, బాయిలర్ మండుతోంది, వెనక గదిలో మిషను చప్పుడు వినిపిస్తోంది. నాకు తల భారంగా ఉంది. జలుబు చేస్తోందనుకున్నాను. కిటికీ అద్దాలన్నీ చెమ్మ పట్టి, నీళ్ళు చారలుగా కారుతున్నాయి. ఇంత వెచ్చగా ఉంటే అద్దాలకు చెమట పట్టదా అనుకున్నాను. ఇంతలో మిషను చప్పుడు ఆగింది. మా అత్తగారు గోడ పట్టుకుని వచ్చి, "తల తిరుగుతోందమ్మా. కాస్త వేడినీళ్ళు తాగుతాను" అని వంటింట్లోకి వచ్చింది. వస్తూ బాయిలర్ గది గుమ్మం దగ్గర ఆగిపోయింది.

"అమ్మాయ్," అంది, "దారం చూడు."

పొగగొట్టం దగ్గర, ఆయన తీగకు కట్టిన పసుపుపచ్చ దారం. ఎప్పుడూ గొట్టం వైపు వంగి ఉండేది. ఇప్పుడు మా వైపు చాచి ఉంది, ఎవరో వెనకనుంచి ఊదుతున్నట్టు.

నాకు అర్థమయ్యేలోపే ఆవిడ బాయిలర్ ఆపేసింది. నేను కిటికీ దగ్గరికి పరుగెత్తి రెక్క లాగితే రాలేదు. ఆయన బిగించిన ఉన్ని పట్టీ అంత గట్టిగా ఉంది. ఆవిడ వెనక గదిలోకి వెళ్ళి బట్టలు కత్తిరించే పెద్ద కత్తెర తెచ్చింది. పట్టీని ఒక చివర నుంచి ఇంకో చివర దాకా కత్తిరించింది. కిటికీ తెరుచుకుంది. తలుపు కింద తనే కుట్టిన గుడ్డ పామును కాలితో తన్ని, వీధి తలుపు బార్లా తీసింది. ఇద్దరం గుమ్మంలో కూలబడ్డాం. చలిగాలి మొహాన కొడుతుంటే అంత హాయి నేను జీవితంలో ఎరగను. మా అత్తగారు దగ్గుతూ, మధ్యలో నవ్వుతూ, "ఇన్నేళ్ళకు ఆ దారం పనికొచ్చింది" అంది.

మామగారు సందు మలుపులోంచే కేకలేస్తూ వచ్చారు. "ఇంత చలిలో తలుపులన్నీ తెరిచిపెట్టారేంటి? మతి గానీ పోయిందా? ఆవిడకు గాలి తగలకూడదని తెలీదూ?"

మా అత్తగారు లోపలికి చెయ్యి చూపించింది. ఆయన లోపలికి వెళ్ళి చాలాసేపు రాలేదు. నేను వెళ్ళి చూస్తే బాయిలర్ ముందు నేల మీద కూర్చుని ఉన్నారు. ఏం జరిగిందో ఆయనకు ఒకరు చెప్పక్కర్లేదు. ఫ్యాను గాలిని బయటికి లాగేస్తోంది. దానికి బదులు లోపలికి రావాల్సిన గాలికి ఎక్కడా సందు లేదు, అన్నీ ఆయనే మూసేశారు. అందుకని ఇల్లు పొగగొట్టం గుండా ఊపిరి పీల్చింది. బాయిలర్ వదిలిన చెడుగాలి పైకి పోకుండా గదుల్లోకి వచ్చింది. ఊరందరికీ చెప్పిన మాట ఆయన తన ఇంట్లో, తన భార్య దగ్గరికి వచ్చేసరికి మర్చిపోయారు. ఆవిడ మీది ప్రేమకొద్దీ మర్చిపోయారని నేను అనుకుంటాను. ఆయన మాత్రం అలా అనుకోలేదు.

ఆ సాయంత్రం కూతురికి తనే ఫోను చేశారు. "వచ్చి మీ అమ్మని తీసుకెళ్ళమ్మా. నేను ఓడిపోయాను" అన్నారు.

తర్వాత రోజుల్లో ఆయన పనికి వెళ్ళలేదు. పనిముట్ల సంచీ మంచం కిందికి తోసేశారు. బాయిలర్ వెలిగించలేదు. ఒక చిన్న కరెంటు హీటరు తెచ్చి మా అత్తగారి మంచం దగ్గర పెట్టి, మిగతా ఇల్లంతా చలికి వదిలేశారు. ఎవరైనా పిలవడానికి వస్తే, "నేను పని మానేశాను" అని లోపలికి వెళ్ళిపోయేవారు. ఏ ఇంటికి వెళ్ళినా గాలి గురించి చెప్పే మనిషి, ఇప్పుడు అసలు మాట్లాడటమే మానేశారు. నేను సణుక్కున్న ఆ గోడ చప్పుడు కోసం పొద్దున్నే చెవులు రిక్కించి పడుకునేదాన్ని.

మా ఆడపడుచు వచ్చింది. మా అత్తగారి బట్టలు పెట్టెలో సర్దడం మొదలుపెట్టింది. మా అత్తగారు మంచం మీద కూర్చుని అంతా చూస్తోంది. బట్టలన్నీ సర్దడం అయ్యాక, "ఏవండీ, ఇలా రండి" అని పిలిచింది.

ఆయన వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

"ఈ ఇంట్లోంచి ఒకటి బయటికి వెళ్ళాలి. నేనా, ఆ బాయిలరా? ఏదో ఒకటి తేల్చండి."

ఆయన తల దించుకున్నారు. "అది నీకోసం కట్టానే" అన్నారు.

"నాకోసం కట్టారు కాబట్టే, నాకోసం విప్పండి" అంది మా అత్తగారు. "ఊళ్ళో ఎవరి ఇంట్లోనైనా ఇలా అయితే మీరేం చేసేవారు? వాళ్ళావిడను పుట్టింటికి పంపించమని చెప్పేవారా?"

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. మా ఆడపడుచు పెట్టె మూత పట్టుకుని అలాగే ఉండిపోయింది. ఆయన వంగి, మంచం కింది సంచీ బయటికి లాగారు.

బాయిలర్‌ను ఆయన ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. ఒక్కొక్క నట్టూ విప్పి, గోడల్లో ఉన్నవి వదిలేసి మిగతా గొట్టాలను ఒక్కొక్కటీ గుడ్డతో తుడిచి, పెరట్లో వరసగా పెట్టారు. తుక్కు బండి వచ్చినప్పుడు మా అత్తగారు గేదెలను మాత్రం పోనివ్వలేదు. "వేడి లేకపోతేనేం, కిటికీ కింద అవి లేకపోతే నాకు ఇల్లు బోసిగా ఉంటుంది" అంది. నీళ్ళు వంపేసి వాటిని అలాగే ఉంచారు. వాటి పని చేయడానికి గదులకు ఏసీలు వచ్చాయి, చలికాలం వేడీ ఎండాకాలం చల్లదనం రెండూ ఇచ్చేవి. బాయిలర్ గది గోడకు బయటి గాలి వచ్చేలా జాలీతో ఒక చిన్న రంధ్రం చేసి, దానికో మూత పెట్టారు. కొన్ని కిటికీల పట్టీలు తీసేశారు. అన్నిచోట్లా దారాలు కట్టి, కుర్చీ వేసుకుని, గది గదిలోనూ కూర్చుని చూశారు. ఈసారి దారాలు కొంచెం కొంచెం ఊగాయి. ఆయన తల ఊపారు. మా ఆడపడుచు వాళ్ళమ్మ పెట్టెలోని బట్టలు మళ్ళీ బీరువాలో పెట్టి, భోంచేసి వెళ్ళింది.

కొత్త యంత్రాలకు చప్పుడే లేదు. మర్నాడు మా అత్తగారు ఎండ పైకొచ్చేదాకా లేవలేదు. నేను కంగారుపడి వెళ్తే మెలకువగానే ఉంది. "తెల్లారిందని నాకెవరు చెప్తారే?" అంది. పైకి తేలిగ్గానే అంది. కానీ ఆవిడ చెయ్యి మంచం పక్కనున్న చల్లటి గేదె మీద ఉంది.

ఆ మరుసటి రోజు పొద్దున నా తలాపు గోడలో టక్‌మంది. కాస్త ఆగి, టక్ టక్.

లేచి వెళ్ళాను. ఖాళీ బాయిలర్ గదిలో మామగారు గొంతుకూర్చుని, చేతిలో పానా పట్టుకుని, గోడలోంచి పొడుచుకొచ్చిన పాత గొట్టం కొసను కొడుతున్నారు. నన్ను చూసి చూపుడువేలు పెదాల మీద పెట్టుకున్నారు. ఇవతలికి వచ్చేసరికి మా అత్తగారు అప్పుడే మంచం దిగి జుట్టు ముడి వేసుకుంటోంది. నేనేమీ చెప్పలేదు.

ఆయన మాత్రం రోజూ కొట్టేవారు. తిరిగి పనికీ వెళ్ళారు, దారాలూ ఏరుకున్నారు. చలికాలం పోయింది, ఎండలు వచ్చాయి, అయినా పొద్దున్నే గొట్టం చప్పుడు ఆగలేదు. ఒకరోజు బఠాణీలు ఒలుస్తూ మా అత్తగారు నా చెవిలో, "పాపం, ఎండాకాలం బాయిలర్ వెలగదన్న సంగతి ఆయన మర్చిపోయారు" అంది.

"అయితే మీకు తెలుసా?"

"మొదటిరోజే తెలుసు. గొట్టం దానంతటది కొట్టుకుంటే అంత శ్రద్ధగా కొట్టుకోదు" అని పకపకా నవ్వింది. "నాకు తెలుసని ఆయనతో అనకు. మానేస్తారు."

ఎవరమూ ఆయనతో అనలేదు. మా అత్తగారు ఆ చలికాలమే కాదు, ఆ తర్వాత చలికాలాలూ ఆ ఇంట్లోనే దాటింది. డాక్టరు చెప్పిన భయాలు ఏవీ ఆవిడ మీద పనిచేయలేదు. ముందు పోయింది మామగారు. ఒక వానాకాలం సాయంత్రం కుర్చీలో కూర్చున్నవారు కూర్చున్నట్టే పోయారు. చొక్కా జేబులో ఆ రోజు దారం ముక్కలు, ఎరుపూ తెలుపూ. పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్ళూ తమ ఇంట్లో ఏ రంగు దారం ఉందో చెప్పారు. ఎదురుపడినా పలకరించని వాళ్ళు కూడా వచ్చి చెప్పారు. మా అత్తగారు ఒక్కొక్క రంగూ విని, అది ఏ బట్టల నాటిదో చెప్పింది. ఏడవలేదు.

జనం వెళ్ళిపోయాక ఇంట్లో నిశ్శబ్దం మిగిలింది. పొద్దున్నే మెలకువ వచ్చి గోడ వైపు చెవి పెట్టి పడుకునేదాన్ని. లోపలి గదిలో మా అత్తగారు కూడా అలాగే పడుకుని ఉందని నాకు తెలుసు. తెల్లారేది, ఎండ వచ్చేది. ఆవిడ లేచేది కాదు. అన్నం దగ్గర కూర్చోబెడితే రెండు ముద్దలు తిని వెళ్ళి మళ్ళీ పడుకునేది. కుట్టుమిషను మీద గుడ్డ కప్పే ఉంది.

ఒక పొద్దున ఇక ఉండబట్టలేకపోయాను. బాయిలర్ గదిలోకి వెళ్ళాను. పానా ఆయన పెట్టిన చోటే ఉంది. ఆ చప్పుడు ఆపమని ఎన్నేళ్ళు సణిగానో, అదే నేను గొట్టం ముందు గొంతుకూర్చుని టక్ టక్ టక్ అని గబగబా మూడు కొట్టాను.

చాలాసేపు ఏమీ వినపడలేదు. నాకు సిగ్గేసింది. ఎందుకు చేశానా అనుకుంటుండగా లోపలి గదిలోంచి ఆవిడ గొంతు వినిపించింది.

"మొదటిదాని తర్వాత కాస్త ఆగాలమ్మా."

పానా పట్టుకుని అక్కడే కూర్చుని ఏడ్చాను. మర్నాడు పొద్దున ఒకటి కొట్టి, ఆగాను. లోపల మంచం కిర్రుమంది. అప్పుడు మిగతా రెండూ కొట్టాను.